ఆరు వారాల సీసా: శుక్లాల ఆపరేషన్ తరువాత వేసుకునే స్టెరాయిడ్ చుక్కల గురించి

(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక కంటి వైద్యురాలు చేసిన ప్రసంగానికి ఇది లిఖిత రూపం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాశాము. తడబాట్లను మాత్రమే తొలగించాము.)

సభకు వచ్చిన పెద్దలందరికీ నమస్కారం. మీ కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు శుక్లాల ఆపరేషన్ గురించి మాట్లాడమన్నారు. నేను ఆపరేషన్ గురించి పెద్దగా మాట్లాడను. ఆపరేషన్ మా పని, అది పదిహేను ఇరవై నిమిషాలలో ముగిసిపోతుంది. దాని తరువాత ఆరు వారాలపాటు సాగే పని ఒకటి ఉన్నది. అది మీరు చేస్తారు, మీ ఇంట్లో చేస్తారు, మేమెవరమూ చూడకుండా చేస్తారు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ పని గురించి, దానికోసం మీ చేతికి మేమిచ్చే ఈ అయిదు మిల్లీలీటర్ల సీసా గురించి. వెనుక వరుసలో ఉన్నవారికి ఇది కనబడుతున్నదా? కనబడనివారు రేపు నా దగ్గరకు రావలసిందే.

ఇందులో ఉన్నది స్టెరాయిడ్, అంటే వాపును అణచే మందు. ఆ మాట చెవిన పడగానే కొందరి ముఖం మారిపోతుంది. "అమ్మా, స్టెరాయిడ్ లేకుండా వేరే మందు రాయండి" అని అడుగుతారు. అలా అడిగిన మనిషే, మరో ఏడాది కన్ను కాస్త ఎర్రబడితే, చీటీ లేకుండా మందుల షాపుకు వెళ్ళి "ఎర్ర కంటికి చుక్కలివ్వు" అంటాడు. షాపువాడు ఇచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన చుక్కలే. తెలిసినవాడు చూసి ఇచ్చినప్పుడు భయం, ఎవరూ చూడకుండా కొనుక్కున్నప్పుడు ధైర్యం. ఇది తారుమారుగా ఉన్నదా లేదా, మీరే చెప్పండి.

ఇద్దరి సంగతి చెబుతాను. పేర్లు, ఊళ్ళు చెప్పను, ఆనవాళ్ళు కూడా కొంత మార్చి చెబుతాను. మొదటి ఆయన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. ఆపరేషన్ చక్కగా జరిగింది, మరునాడు కట్టు విప్పగానే గోడమీది క్యాలెండరులో తిథి, నక్షత్రం కూడా చదివారు. ఎనిమిదో రోజుకల్లా కన్ను తెల్లగా ఉన్నది, నొప్పి లేదు, నీరు కారడం లేదు. బాధ లేనప్పుడు మందెందుకని తొమ్మిదో రోజు చుక్కలు మానేశారు. పద్నాలుగో రోజు రాత్రి ట్యూబులైటు వెలుతురు చూడలేక తలమీద తువ్వాలు కప్పుకొని వచ్చారు. రెండో ఆయన రైతు. చెప్పిన ఆరు వారాలూ ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నారు. ఆపమన్న రోజున మాత్రం ఆపలేదు. వేసుకుంటే కంటికి హాయిగా ఉంటున్నదని, సీసా అయిపోయినప్పుడల్లా ఖాళీ డబ్బా చూపించి కొత్తది కొనుక్కుంటూ ఎనిమిది నెలలు వాడారు. మా దగ్గరకు వచ్చేనాటికి ఎదురుగా ఉన్న మనిషి కనబడుతున్నాడు గాని, పక్కనుంచి వచ్చే బండి కనబడటం లేదు. మాస్టారి చూపు కొద్ది వారాలలో బాగుపడింది. ఆ రైతు పోగొట్టుకున్న పక్కచూపు తిరిగి రాలేదు, ఇక రాదు. ఇద్దరికీ ఇచ్చింది ఒకే మందు. ఒకరు ముందే ఆపారు, ఒకరు ఆపనే లేదు.

ఇందులో మా తప్పు లేదని నేను అనను. చీటీలో మందు పేరు రాస్తాము, ఎన్నిసార్లో రాస్తాము, ఆపవలసిన తేదీని మాత్రం చాలామందిమి రాయము. మీరు అడగాలి. "డాక్టరుగారూ, ఇది ఏ తేదీన ఆపాలి?" అని అడిగి, ఆ తేదీ చీటీమీద రాయించుకొని మరీ కుర్చీలోంచి లేవాలి. పథ్యం గురించి మమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతారు! పప్పు తింటే చీము పడుతుందా, వంకాయ తినవచ్చా, గోంగూర ఎన్నాళ్ళు మానాలి అని గుచ్చి గుచ్చి అడుగుతారు. పప్పు తినండి, ఏమీ కాదు. ఆ శ్రద్ధలో సగం చుక్కల మీద పెట్టండి.

అసలు ఆపరేషన్ బాగా జరిగిన కన్ను ఎందుకు వాస్తుంది? ఇది అర్థమైతే మిగిలినదంతా దానంతట అదే అర్థమవుతుంది కనుక కొంచెం నిదానంగా చెబుతాను. నల్లగుడ్డు మీద అద్దంలా మెరిసే పొర కార్నియా. దాని వెనుక ఒక చిన్న గది ఉన్నది, ఆ గదినిండా స్వచ్ఛమైన నీరు ఉంటుంది. ఆ నీరు మొత్తం కలిపితే పావు మిల్లీలీటరు. కంట్లో రక్తనాళాలు ఎన్నో ఉన్నా రక్తంలోని మాంసకృత్తులు గాని, తెల్లకణాలు గాని ఆ నీటిలో కలవవు, ఎందుకంటే రక్తానికీ ఆ నీటికీ మధ్య ప్రకృతి ఒక గట్టు కట్టింది. ఆ గట్టు గట్టిగా ఉన్నంతకాలం నీరు తేటగా ఉంటుంది, నీరు తేటగా ఉన్నంతకాలం చూపు తేటగా ఉంటుంది.

ఇప్పుడు మేము ఏమి చేస్తాము? శబ్దతరంగాలతో శుక్లాన్ని పగలగొట్టే ఫాకో పద్ధతిలో అయితే రెండున్నర మిల్లీమీటర్ల గాటు పెడతాము, చేత్తో చేసే చిన్నగాటు పద్ధతిలో ఆరేడు మిల్లీమీటర్ల గాటు పెడతాము. లోపల ముదిరిన కటకాన్ని ముక్కలు చేసి తీస్తాము, దాని స్థానంలో కృత్రిమ కటకాన్ని అమరుస్తాము. ఎంత నేర్పుగా చేసినా శరీరానికి అది గాయమే. గాయం తగలగానే అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లు మొదలైన రసాయనాలను విడుదల చేస్తాయి, రక్తనాళాలు ఉబ్బుతాయి, నేను చెప్పిన ఆ గట్టుకు అక్కడక్కడా గండి పడుతుంది, మాంసకృత్తులూ తెల్లకణాలూ నీటిలోకి జారుతాయి. దీనినే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, మన భాషలో శోథ అనవచ్చు. మీ గడ్డం ఆ యంత్రం మీద పెట్టించి సన్నని వెలుతురు గీత కంట్లోకి వేసినప్పుడు మేము వెతికేది దీనికోసమే. ఉదయంపూట కిటికీలోంచి పడిన ఎండపొడలో దుమ్ము రేణువులు తేలుతూ కనబడతాయి కదా, అచ్చంగా అలాగే ఆ గీతలో కణాలు తేలుతూ కనబడతాయి. ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు గల వెలుతురులో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాము. ఆరు నుంచి పదిహేను వరకు ఉంటే ఒకటో మెట్టు, యాభై దాటితే నాలుగో మెట్టు. మీ కన్ను బయటికి ఎంత తెల్లగా ఉన్నా లోపల ఈ లెక్క వేరుగా ఉండవచ్చు. మాస్టారు మోసపోయింది ఇక్కడే.

ఒక మాట పక్కదారి పట్టి చెబుతాను. "శుక్లం ముదరనివ్వాలి, పండితేనే తీయాలి" అని మన పెద్దలు అనేవారు. ఆ రోజుల పద్ధతికి అది సరిపోయిందేమో గాని ఇప్పుడు సరిపోదు. ముదిరి గోధుమరంగు తిరిగిన శుక్లం రాయిలా ఉంటుంది. దాన్ని పగలగొట్టడానికి శబ్దతరంగాల శక్తి ఎక్కువ వాడాలి, కంట్లో ఎక్కువసేపు పనిచేయాలి, దాని వల్ల శోథ కూడా ఎక్కువవుతుంది. ఆలస్యంగా వచ్చిన వారికే చుక్కలు ఎక్కువ అవసరమవుతాయన్నమాట.

సరే, ఆ గండి పూడ్చడంలో స్టెరాయిడ్ ఏమి చేస్తుంది? కాలువల కింద వ్యవసాయం చేసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఆ పోలికే చెబుతాను. కణాల పొరల్లోని కొవ్వు పదార్థం నుంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే ముడిసరుకు వస్తుంది. దాని నుంచి రెండు పిల్లకాలువలు చీలుతాయి, ఒకదాంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి, రెండోదాంట్లో శోథను పెంచే మరో రకం రసాయనాలు, ల్యూకోట్రైన్లు తయారవుతాయి. కీటోరోలాక్, నెపాఫెనాక్, బ్రోమ్‌ఫెనాక్ వంటి స్టెరాయిడ్ కాని చుక్కలు మొదటి పిల్లకాలువకు మాత్రమే అడ్డు వేస్తాయి. స్టెరాయిడ్ పెద్దకాలువ తూమునే దించుతుంది, కనుక రెండు పిల్లకాలువలూ ఎండుతాయి. దాని బలం అక్కడ ఉన్నది, దాని ప్రమాదం కూడా అక్కడే ఉన్నది. తూము దించినప్పుడు కలుపుమొక్కకే కాదు, పైరుకూ నీరందదు. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలను కూడా స్టెరాయిడ్ అణచివేస్తుంది.

ఈ మందు, కంట్లో పెట్టే ఈ కృత్రిమ కటకం, రెండూ దాదాపు ఒక ఈడువి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి, తరువాత కార్టిసోన్ అని పేరు పొందిన మందును ఇచ్చారు. కొద్ది రోజులలో ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ, ఆ పరిశోధనలో పాలుపంచుకున్న కెండాల్‌కూ, రైక్‌స్టైన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. సరిగ్గా ఆ నడుమ, 1949 నవంబరులో, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొదటి కృత్రిమ కటకాన్ని మనిషి కంట్లో అమర్చారు. రిడ్లీ కటకాలు పెట్టిన తొలి కళ్ళలో చాలావాటిని వేధించినది ఏమిటో తెలుసా? శోథే. మన సుశ్రుతుడు శుక్లాన్ని శలాకతో పక్కకు నెట్టిన తరువాత కంటిమీద నేయి వేసి, గుడ్డతో కట్టు కట్టించి, తుమ్మకూడదు, దగ్గకూడదు, ఉమ్మకూడదు అని నియమాలు చెప్పాడు. శోథను అణచే మందు ఆయన చేతిలో లేదు గాని, గాయపడిన కంటిని కదలనివ్వకూడదన్న ఎరుక ఉన్నది.

ఇప్పుడు మీరు విసుక్కునే ప్రశ్నకు వస్తాను. రోజుకు ఆరుసార్లు ఎందుకు? పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వేసుకుంటే చాలదా? చాలదు, ఎందుకో లెక్కగట్టి చూద్దాం. కంటి ముందు గదిలో నీరు పావు మిల్లీలీటరు అన్నాను కదా, ఆ నీరు నిలవ నీరు కాదు. ఒకవైపు ఊరుతూ, మరొకవైపు వడపోత ద్వారం గుండా బయటికి పోతూ ఉంటుంది. గంటా నలభై నిమిషాలలో గది మొత్తం నీరు మారిపోతుంది. మీరు వేసిన చుక్కలో కంటి లోపలికి వెళ్ళేది నూటికి అయిదు వంతులకు మించదు. మిగిలినది కన్నీటితో పాటు ముక్కులోకి, గొంతులోకి జారిపోతుంది. అందుకే కొందరికి నాలుకమీద చేదు తగులుతుంది. లోపలికి వెళ్ళిన ఆ కొంచెమూ కొన్ని గంటలలో పలచబడిపోతుంది. కనుక ఉదయం ఆరు, తొమ్మిది, మధ్యాహ్నం పన్నెండు, మూడు, సాయంత్రం ఆరు, రాత్రి తొమ్మిది అని గడియారం పెట్టుకొని వేసుకోవాలి. మరిచిపోయాను కదా అని రాత్రి పడుకునే ముందు మూడు చుక్కలు ఒకేసారి వేసుకుంటే ప్రయోజనం లేదు, ఎందుకంటే కంటి గూడులో ఒక్క చుక్కకే చోటు లేదు. చుక్క పరిమాణం ముప్పై నుంచి యాభై మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో అన్ని వెయ్యో వంతులు ఉంటుంది, కన్ను పట్టుకోగలిగినది ఎంత ఎక్కువనుకున్నా ముప్పై. రెండో చుక్క మీ చెంపకు వైద్యం చేస్తుంది.

తరువాత తగ్గించుకుంటూ పోయే లెక్క. మేము సాధారణంగా రాసేది మొదటి వారం ఆరుసార్లు, రెండో వారం అయిదు, ఆపైన నాలుగు, మూడు, రెండు, ఆఖరి వారం ఒకటి. కొందరు వైద్యులు నాలుగు వారాలే రాస్తారు, ఆపరేషన్ తీరునుబట్టి అదీ సరైనదే. మీ చీటీలో ఏమి ఉంటే అదే మీకు వేదం, పక్కింటివారి చీటీ కాదు. ఎందుకు ఒక్కసారిగా ఆపకూడదంటే, తెగిన గట్టు లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పైన చూస్తే ఎరుపు పోయింది, లోపల మరమ్మతు సగంలో ఉన్నది. అప్పుడు తూమును ఒక్కసారిగా ఎత్తేస్తే ఆగి ఉన్న నీరంతా ఒక్కుమ్మడిగా వచ్చి పడుతుంది. మాస్టారికి జరిగినది అదే, వదిలిపెట్టిన శోథ ముందుకంటే ఉధృతంగా తిరిగి వచ్చింది. ఇంకొక కారణం కూడా ఉన్నది. కంటి వెనుక పొర రెటీనా, దాని నడిమధ్యన అక్షరాలు చదివే చోటు మాక్యులా. శోథ పూర్తిగా అణగకపోతే ఆ రసాయనాలు అక్కడిదాకా పాకి, మాక్యులాలో నీరు చేరేట్టు చేస్తాయి. ఇది ఆపరేషన్ అయిన మరునాడు రాదు, ఎక్కువగా నాలుగు నుంచి ఆరు వారాల మధ్య వస్తుంది. "మొదట బాగా కనబడింది డాక్టరుగారూ, నెల తరువాత మసకబారింది" అని వచ్చేవారిలో మేము ముందుగా అనుమానించేది దీనినే. షుగర్ ఉన్నవారిలో దీనికి అవకాశం మరింత ఎక్కువ. ముందు వరుసలో అమ్మగారు షుగర్ అనగానే తల ఎత్తారు, మీ సందేహం నాకు తెలుసు. ఈ చుక్కల వల్ల షుగర్ పెరుగుతుందా అని కదా? మేము ఎక్కువగా రాసే స్టెరాయిడ్ అయిన ఒక శాతం ప్రెడ్నిసొలోన్ చుక్క ఒక్కటి తీసుకుంటే అందులో ఉండేది సుమారు అర మిల్లీగ్రాము మందు, అది చాలా తక్కువ. కొందరిలో కొంచెం తేడా రావచ్చు గనుక షుగర్ చూపించుకుంటూ ఉండండి, కాని ఆ భయంతో చుక్కలు మానకండి.

ఈ ఆరు వారాల చుక్కలను కూడితే నూట నలభై ఏడు అవుతాయి. ఒక్క చుక్క కూడా చెంపమీద పడకపోయినా, చుక్క పెద్దదైతే ఒక సీసా సరిపోదు. పైగా మూత తీసిన సీసాను నెల దాటి వాడకూడదు. కనుక రెండో సీసా కొనమంటే అది కంపెనీ కోసమని అనుకోకండి.

అన్ని స్టెరాయిడ్లూ ఒకటేనా? కావు. ఎక్కువగా వాడేది ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ ఒక శాతం. ఇది కార్నియాను దాటి బాగా లోపలికి వెళుతుంది. అయితే ఇది నీటిలో కరగని పొడి, మజ్జిగలా తెల్లగా ఉంటుంది, నిలిస్తే అడుగున పేరుకుంటుంది. ప్రతిసారీ బాగా కుదిపి వేసుకోవాలి. కుదపకుండా వేసుకుంటే మొదటి రెండు వారాలు ఉత్త నీరు పడుతుంది, ఆఖరికి గడ్డ మందు పడుతుంది. ఎక్కువ మందు కావలసినప్పుడు తక్కువ, తక్కువ కావలసినప్పుడు ఎక్కువ. డెక్సామెథాసోన్ 0.1 శాతం కూడా బలమైనదే, యాంటీబయాటిక్‌తో కలిపిన సీసాలలో తరచుగా ఉండేది ఇదే. డైఫ్లుప్రెడ్నేట్ వీటన్నిటికంటే బలమైనది, పాలలా ఎప్పుడూ కలిసే ఉంటుంది కనుక కుదపనక్కరలేదు, తక్కువసార్లు వేసుకుంటే సరిపోతుంది, కాని కంటి ఒత్తిడిని కూడా అంతే చురుకుగా పెంచగలదు. లోటెప్రెడ్నాల్ తయారీలో ఒక తెలివి ఉన్నది. పని చేసిన తరువాత కంటిలోని ఎంజైములే దాన్ని పనికిరాని పదార్థంగా మార్చివేసేలా దాన్ని రూపొందించారు. అందువల్ల ఒత్తిడి పెరగడం తక్కువ. మీ కంటికి ఏది తగునో మీ వైద్యుడు నిర్ణయిస్తాడు. ఒకరి సీసా మరొకరికి ఎందుకు పనికిరాదో తెలియడానికే ఇదంతా చెప్పాను.

ఒత్తిడి అన్నాను. ఆ రైతు సంగతి ఇక్కడ వస్తుంది. కంట్లోని నీరు వడపోత ద్వారం గుండా బయటికి పోతుందని చెప్పాను కదా, స్టెరాయిడ్ వారాల తరబడి పడుతుంటే కొందరిలో ఆ వడపోత జల్లెడ పూడుకుంటుంది. ఊరే నీరు ఊరుతూనే ఉంటుంది, పోయే దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. మామూలు ఒత్తిడి పది నుంచి ఇరవై ఒక్క పాయింట్ల మధ్య ఉండాలి, పాయింటు అంటే ఒక మిల్లీమీటరు పాదరసం. 1954లోనే బెల్జియం వైద్యుడు జూల్ ఫ్రాన్స్వా కార్టిసోన్ చుక్కల వల్ల ఇలా జరుగుతుందని రాశారు. 1960ల తొలి సంవత్సరాలలో బెర్నార్డ్ బెకర్, మన్సూర్ అర్మాలీ విడివిడిగా పరీక్షించి చూశారు. మామూలు మనుషులకు నాలుగు నుంచి ఆరు వారాలు స్టెరాయిడ్ చుక్కలు వేస్తే, దాదాపు మూడింట ఒక వంతు మందిలో ఒత్తిడి ఓ మోస్తరుగా పెరిగింది, నూటికి నలుగురి నుంచి ఆరుగురిలో పదిహేను పాయింట్లకు మించి పెరిగింది. ఈ హాలులో ఉన్నవారిలో అటువంటి నలుగురు ఎవరో ముఖం చూసి నేను చెప్పలేను. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో గ్లకోమా ఉన్నవారు, అంటే మన పల్లెల్లో నీటికాసులు అనే జబ్బు ఉన్నవారు, ఎక్కువ మైనస్ పవరు అద్దాలు వాడేవారు, షుగర్ ఉన్నవారు ఆ వంతులో పడే అవకాశం ఎక్కువని మాత్రం చెప్పగలను.

ఇందులో అసలు కుట్ర ఏమిటంటే, ఈ ఒత్తిడి నొప్పి పెట్టదు. కన్ను ఎర్రబడదు. చదివే చూపు చివరిదాకా తగ్గదు. ముందు పక్కచూపు అంచులనుంచి మెల్లగా తినుకుంటూ వస్తుంది. సకాలంలో చుక్కలు ఆపితే చాలామందిలో కొన్ని వారాలలోనే ఒత్తిడి దిగిపోతుంది, ఆ ఒత్తిడికి, చూపును మెదడుకు చేర్చే కంటి నరం దెబ్బతిన్న తరువాత ఆపితే ఒత్తిడి దిగినా చూపు రాదు. అందుకే మరునాడు, వారానికి, నెలకు, చుక్కలు ముగిసే వేళకు రమ్మంటాము. "బాగానే కనబడుతున్నదండీ, మళ్ళీ ఎందుకు బస్సు ఛార్జీలు దండుగ" అని రానివారి కోసమే నేను ఇంతసేపు ఈ లెక్కలన్నీ చెప్పింది. మీకు కనబడుతున్నదో లేదో తెలుసుకోవడానికి మాత్రమే మేము పిలవడం లేదు. మీకు తెలియకుండా జరుగుతున్నది ఏమైనా ఉన్నదా అని చూడటానికి పిలుస్తున్నాము.

ఆరు వారాలు అయ్యాయి, సీసాలో ఇంకా పావువంతు మిగిలింది. ఏమి చేస్తారు? నిజం చెప్పండి. అలమరలో పెడతారు. డబ్బు పోసి కొన్నదాన్ని పారేయడానికి మనసొప్పదు. ఆపైన ఒకనాడు మనవడు కళ్ళు దురద అని నులుముకుంటాడు, తాతగారి చుక్కలు ఉండనే ఉన్నాయి. దురద అరగంటలో తగ్గుతుంది, పిల్లవాడు మళ్ళీ అడుగుతాడు, ఏటేటా ఎండాకాలం వచ్చే ఎలర్జీ దురదకు ఏళ్ళతరబడి అవే చుక్కలు పడతాయి. అలా పదేళ్ళు నిండకముందే శుక్లాలు వచ్చిన పిల్లలను, గ్లకోమాతో చూపు పోయిన పిల్లలను చూడని కంటి వైద్యులు మన దేశంలో ఉండరు. అవును, శుక్లం తీసిన తరువాత వాడే మందే, అనవసరంగా వాడితే శుక్లాన్ని తెస్తుంది. మీ రెండో కంట్లో ఇంకా పుట్టుకతో వచ్చిన కటకమే ఉన్నది కనుక, "ఆ కంటికీ మంచిదే కదా" అని అందులో కూడా వేసుకోకండి.

కోతల రోజులలో దీనికంటే తొందరగా నష్టపరిచేది మరొకటి ఉన్నది. నూర్పిడిలో వరి పొట్టు, గడ్డిపోచ నల్లగుడ్డుకు గీసుకుంటుంది. మన వేడి, తేమ ఉన్న ప్రాంతాలలో అటువంటి గాయంలో బూజు జాతి సూక్ష్మజీవులు చేరి పుండు పడటం చాలా ఎక్కువ. పూర్వం ఆకు పసరు పిండేవారు, ఇప్పుడు అలమరలోని సీసా పిండుతున్నారు. ఆ పుండు మీద స్టెరాయిడ్ వేస్తే మొదటిరోజు ఎరుపు తగ్గుతుంది, మనిషి సంబరపడతాడు, అడ్డు లేని బూజు లోలోపలికి పాకుతుంది. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే పుండుకు కూడా ఇదే వర్తిస్తుంది. చట్టప్రకారం ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారని మనందరికీ తెలుసు, కొంటున్నది మనమేనని కూడా తెలుసు. కనుక ఆపవలసిన తేదీ రాగానే మిగిలిన మందును కుళాయి కింద పారబోసి, సీసా మూత తీసి చెత్తలో వేయండి.

వైద్యులందరూ ఈ విషయంలో ఒకేమాట మీద ఉన్నారా అని మీలో చదువుకున్నవారు అడగవచ్చు. లేరు. స్టెరాయిడ్ ఒక్కటే చాలునా, స్టెరాయిడ్ కాని చుక్కలు ఒక్కటే చాలునా, రెండూ కావాలా అన్నది చాలాకాలంగా నలుగుతున్న చర్చ. ఐరోపాలో కొన్ని కేంద్రాలు కలిసి, షుగర్ లేనివారి మీద చేసిన పరిశీలన 2018లో వెలువడింది. పన్నెండు వారాలలో మాక్యులా వాపుతో చూపు తగ్గినవారు, డెక్సామెథాసోన్ ఒక్కటే వాడినవారిలో నూటికి 5.1, బ్రోమ్‌ఫెనాక్ ఒక్కటే వాడినవారిలో 3.6, రెండూ వాడినవారిలో 1.5. నా మట్టుకు నేను షుగర్ ఉన్నవారికి, శుక్లం బాగా ముదిరినవారికి రెండూ రాస్తాను, మిగిలినవారికి సీసాల సంఖ్య తగ్గించడానికే చూస్తాను. మూడు సీసాలు ఇస్తే మూడింటినీ సరిగా వేసుకునేవారు ఎంత తక్కువమందో నాకు తెలుసు గనుక. చుక్కల బాధే లేకుండా డెక్సామెథాసోన్‌ను కన్నీటి గొట్టంలో చిన్న పుల్లముక్కలా పెట్టి, నెలరోజులపాటు మెల్లగా ఊరేలా చేసే ఏర్పాటుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మన పల్లె మనిషి చేతికి అందే ధరలో వచ్చేదాకా ఈ సీసాయే దిక్కు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ అయిన వారం పదిరోజులలో, చుక్కలు సరిగా వేసుకుంటున్నా, నొప్పి పెరుగుతూ ఉంటే, చూపు ఉన్నట్టుండి తగ్గితే, వెలుతురు చూడలేకపోతే, ఎరుపు ఎక్కువైతే అది శోథ కాకపోవచ్చు, కంటి లోపల చీము పట్టడం మొదలై ఉండవచ్చు. అప్పుడు ఆరు చుక్కలను పది చుక్కలు చేసుకొని ఇంట్లో కూర్చోకండి. తెల్లవారనివ్వకండి కూడా. ఆ రాత్రికే రండి.

ఇక వేసుకునే పద్ధతి. 2014లో కెనడా వైద్యులు, అంతకుముందు ఎన్నడూ చుక్కలు వాడని, శుక్లాల ఆపరేషన్ అయిన యాభై నలుగురిని ఎదురుగా కూర్చోబెట్టి చుక్కలు వేసుకోమన్నారు. నూటికి తొంభై రెండుమందికి పైగా ఏదో ఒక తప్పు చేశారు. మూడింట ఒకవంతుకు కాస్త తక్కువ మందికి చుక్క కంట్లోనే పడలేదు. సగానికి మించి సీసా మొనను కంటికో రెప్పకో తగిలించారు. వాళ్ళలో చాలామంది తాము బాగానే వేసుకుంటున్నామని అనుకుంటున్నవారే.

మన దగ్గర దీనికి మరో తప్పు తోడవుతుంది. కొత్త సీసా మొనకు రంధ్రం ఉండదు, మూత లోపలే చిన్న ముల్లు ఉంటుంది, మూతను గట్టిగా కిందికి బిగిస్తే అదే రంధ్రం చేస్తుంది. అది తెలియక పిన్నీసుతోనో, సూదితోనో పొడుస్తారు. రంధ్రం పెద్దదైతే చుక్క పెద్దదవుతుంది, పిన్నీసుమీది మురికి మందులోకి వెళుతుంది. రెండు మూడు సీసాలు ఉన్నవారు స్టెరాయిడ్ సీసా మెడకు ఒక రబ్బరు బ్యాండు చుట్టండి, రాత్రిపూట చేతికి తగిలినా తెలుస్తుంది. చెవి చుక్కలను, అతికించే జిగురు సీసాను ఆ అలమరలో పెట్టనే పెట్టకండి. నవ్వకండి, జిగురు వేసుకొని వచ్చినవారు ఉన్నారు.

నేను చెప్పింది చాలు, ఇప్పుడు చూపించండి. ఒక్కొక్కరికి విడివిడిగా వాడి పారేసే చిన్న గొట్టాలు తెచ్చాను, వీటిలో స్టెరాయిడ్ లేదు, మామూలు కన్నీటి చుక్కలే. తల వెనక్కి వాల్చండి. కిందిరెప్పను వేలితో లాగితే చిన్న జేబులా విచ్చుకుంటుంది, పైకి చూస్తూ ఆ జేబులో ఒక్క చుక్క వదలండి. మొన ఎక్కడా తగలకూడదు. మెల్లగా కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. రెప్పలు టపటప కొట్టకండి, గట్టిగా బిగించకండి. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగి వేసుకోండి. చేయి వణికేవారు గోడకు తల ఆనించి కూర్చోండి, లేదా పడుకొని వేయించుకోండి. మూడో వరుసలో చీటీ పట్టుకొని రాసుకుంటున్న మాస్టారూ, రాసుకున్నది చాలు, మొదట మీరే రండి. అటు కాదండీ, ముందు ఆ కుళాయి దగ్గరకు వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొని రండి.